స్పిరిట్ దూదికి చెరిగిన ముద్ర

ఈ ఉదయం వార్డులో ఒక ముసలాయన మోచేతి కుట్లు విప్పుతుంటే, ఎప్పుడో గల్ఫ్‌లో, ఖురం అనే పేటలో నేను హోమ్ నర్సుగా చేసిన ఇంట్లోని పుస్తకం గుర్తొచ్చింది. కుట్లకీ పుస్తకానికీ ఏం సంబంధమంటారా? అది దూడతోలు మీద చేత్తో రాసిన లాటిన్ ప్రార్థనల పుస్తకం, ఎనిమిది వందల ఏళ్ళనాటిదట. ఒక పేజీలో తోలు చిరిగితే ఆ రోజుల్లోనే ఎవరో సన్నగా కుట్టారు. రాసినాయన ఆ కుట్టుకి తగలకుండా అక్షరాల్ని పక్కకి జరుపుకున్నాడు. పేజీ ఒకవైపు నున్నగా, రెండోవైపు వెంట్రుకలు పీకిన చుక్కలతో ఉండేది. అక్షరం ముక్క అర్థం కాకపోయినా చర్మం సంగతి నాకు తెలియదూ! ఇన్నేళ్ళుగా, అలసిపోయేదాకా, అదేగా నా పని.

ఇంటి యజమాని మంచం పట్టిన విదేశీ డాక్టరు. ఆ పుస్తకాన్ని వాళ్ళ నాన్న యుద్ధకాలంలో ఒక క్రైస్తవ మఠం నుంచి ఎత్తుకొచ్చాడట. తను పోయేలోగా తిరిగి ఇచ్చెయ్యాలని ఈయన పంతం. అది మఠం వాళ్ళదేననడానికి చివరి పేజీలో ఊదారంగు ముద్ర ఒక్కటే సాక్ష్యం. దాని ఫోటో పంపమని మఠం వాళ్ళు అడిగారు. ఫోటోకి ముందు ముద్ర అంచున పట్టిన బూజు తుడుద్దామని నాకు బుద్ధి పుట్టింది. వంటచేసే జగిత్యాల తమ్ముడు చూసి, "అక్కా, దాన్ని ముట్టకు. సార్ పానమంత దాంట్లనే ఉన్నది" అన్నాడు. "ఊరుకో తమ్ముడూ, బూజుని అలా ఉంచుతారా ఎవరైనా?" అని స్పిరిట్ దూదితో ఒక్క తుడుపు తుడిచాను. బూజుతో పాటు ముద్రా దూదిలోకి వచ్చేసింది. ఆ దూది పట్టుకునే వెళ్ళి డాక్టరు గారికి చెప్పేశాను.

డాక్టరు గారు తిట్టలేదు. కాగితం తెమ్మన్నారు. "చూసినదానివి నువ్వు. ఏముండేదో, ఎలా పోయిందో రాసి సంతకం పెట్టు" అన్నారు. ముద్రలో రెండు తాళంచెవులు, కింద చిన్న చేప. నా తప్పుతో సహా అంతా రాశాను. సాక్షిగా తమ్ముడు తెలుగులో సంతకం చేశాడు. ముద్ర ఉండి ఫోటో పంపగలిగితే సంగతి వెంటనే తేలిపోయేది. ఆ కాగితం మీద మఠంలో వారాల తరబడి తర్జనభర్జన జరిగింది. ఆనవాలు సరిపోయింది, పుస్తకం పంపండి అని జవాబు వచ్చేసరికి ఆయన పోయి తొమ్మిది రోజులు.

ఖాళీ మంచం పక్కన నిలబడి ఆ ఉత్తరం పైకే చదివి, ఏడ్చాను. ఒక దూడతోలుని ఎనిమిది వందల ఏళ్ళు కాపాడిన కాలానికి, ఒక మనిషికి తొమ్మిది రోజులివ్వడానికి చేతులు రాలేదు.