నాకు పలక వద్దు

మార్కాపురంలో పలకలకు కరువేముంది? జ్వరమొచ్చి నా రెండు చెవులూ పోయాక ఇంట్లో ఒకటి, మా బట్టల దుకాణంలో ఒకటి వేలాడదీశారు. నాతో పని పడితే రాసి చూపించేవాళ్లు. ‘అన్నం’, ‘తలుపు’, ‘నీలం చీర’. అంతే. నవ్వులు మాత్రం ఎవరూ రాయలేదు. అందరూ పగలబడి నవ్వుతుంటే ఏంటని సైగ చేసేదాన్ని. మా ఆయన ‘ఏమీ లేదు’ అని రాసేవాడు. ఆ మాట చూస్తే ఒళ్లు మండేది.

గల్లా పెట్టె దగ్గర కూర్చుని బేరాలు చేసినదాన్ని వెనక గదిలో చీరలు మడతపెట్టుకునే దాకా వచ్చాను. నా చోటు నాకు కావాలి. చెవి మిషన్లతో లాభం లేదన్న డాక్టరమ్మే ఆపరేషన్ సంగతి చెప్పింది. చెవి వెనక చర్మం కింద మాట వినిపించే పరికరంలో ఒక భాగం పెడతారు, పైన అయస్కాంతంతో ఇంకొకటి అతుక్కుంటుంది.

అక్కడ జుట్టు గొరుగుతారనగానే మా అత్త పలక అందుకుంది. ‘ముత్తైదువకు ఈ గొరుగుడు ఏంది?’ అని రాసింది.

"దేవునికిస్తే మొక్కు, డాక్టరుకిస్తే తప్పా అత్తా?" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, పక్కింటామె గుమ్మంలోకి వచ్చింది.

ఆపరేషనయ్యాక పరికరం మొదటిసారి పనిచేయించిన రోజు మా ఆయన గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లలా వినిపించింది. ఏడుపొచ్చింది. అయినా వదల్లేదు. నెలల తరబడి ఆయన చేత పేపరు చదివించుకుని, నోరు చూడకుండా మాట పట్టడం నేర్చుకున్నాను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ కలగాపులగమే. మళ్లీ చెప్పమంటాను, సిగ్గేముంది?

ఒకరోజు వెళ్లి గల్లా ముందు కూర్చున్నాను. అత్త కొప్పు కింద దాచుకోమన్న పరికరాన్ని అందరికీ కనపడేట్టే పెట్టుకున్నాను. దోర్నాల నుంచి చీరకొచ్చినామె ఏదో అంటే మా ఆయన నవ్వాడు. ఏంటన్నాను. అలవాటుగా పలక తీశాడు. లాక్కుని కింద పెట్టాను.

"నోటితో చెప్పు."

"ఏందే నీ పోరు! బేరం చెడిపోతాది, లోపలికి పో!"

ఎన్నేళ్ల తర్వాత తిట్టాడో! ప్రతి మాటా వినపడింది. ప్రాణం లేచొచ్చింది.

"పోను!" అని అరిచాను.

"ఏమైందక్కా?" అని దోర్నాల ఆమె బెదిరిపోయింది.

"ఏం లేదులేమ్మా" అన్నాడు మా ఆయన.

"ఎందుకు లేదు, చానా ఉంది" అని ఆమెను కూర్చోబెట్టి, జ్వరమొచ్చిన దగ్గర్నుంచి అంతా చెప్పాను.