పోంటా డెల్గాడాలో అయిదు గంటల హాల్టు

దయ్యాల విషయంలో నాది మొదటినుంచీ ఒకటే మాట. పాసు లేకుండా ఎవరూ ఎక్కడికీ ప్రయాణం చెయ్యలేరు, చచ్చినవాళ్ళతో సహా. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళు పాసుల గుమాస్తాగా చేసినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే కాలనీ లైను చివర మూతపడ్డ క్వార్టర్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని జనం చుట్టు తిరిగి పోతుంటే, నేను లోపలికి వెళ్ళి పిల్లిని పట్టుకొచ్చాను.

పిల్లిని పట్టుకొచ్చింది మా ఆవిడ సత్యవతి. వాన పడుతోందని నేను గొడుగు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను. అయినా నమ్మకం లేదన్న మాట మాత్రం నిజం.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు జంకాను. చెప్పడం చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగింది. ఒకసారి ఓడ కూత కలిపాను, ఒకసారి ఇంట్లో ఉప్పునీటి వాసన కలిపాను. ఆ రెండూ జరగలేదు. జరిగింది ఇది.

అరవైల మొదట్లో మా లైన్లోనే అప్పలనర్సమ్మ ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్క వరస, అప్పా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్త సింహాచలం ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే మనిషి. యుద్ధం రోజుల్లో పైవాడితో మాటామాటా వచ్చి, ఆ కోపంలో కలకత్తా పోయి ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. జ్వరంతో పోయాడనీ, అట్లాంటిక్ సముద్రం మధ్య ఒక దీవిలో, పోంటా డెల్గాడా అనే రేవులో పాతిపెట్టారనీ. అంతే, మరో ముక్క లేదు.

ఆ తర్వాత నర్సమ్మ డోరీన్ మేమ్‌సాబ్ ఇంట్లో ఆయాగా చేరింది. మేమ్‌సాబ్ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య. ఆయన పోయాక, కెనడాలో ఉన్న కూతురు రమ్మని రాసింది. మేమ్‌సాబ్‌కి మోకాళ్ళ నొప్పులు, ఒంటరిగా పోలేని మనిషి. తోడు నర్సమ్మ వెళ్ళేట్టూ, తిరుగు టిక్కెట్టు మేమ్‌సాబ్ కొనేట్టూ మాట అయింది. కలకత్తా ఓడ ఆఫీసు నుంచి రంగుల పుస్తకం వచ్చింది. బొంబాయి నుంచి నేపుల్స్ దాకా ఒక ఓడ. అక్కడ ఇంకో ఓడ ఎక్కితే లిస్బన్, తర్వాత పోంటా డెల్గాడా, తర్వాత కెనడాలో హాలిఫాక్స్.

ఆ పుస్తకం చంకన పెట్టుకుని నర్సమ్మ మా వరండాలోకి వచ్చింది. అప్పటికే ఆమె నోట్లో చుట్ట ఉంది, నిప్పున్న వైపు లోపలికి. దాన్ని మావాళ్ళు అడ్డపొగ అంటారు. అలవాటు లేనివాళ్ళు చూస్తే నోరు కాలిందని నీళ్ళు తెస్తారు.

"బావూ, ఆ ఊర్లో ఓడ ఐదు గంటలు ఆగతాదట" అంది. ఆమె నోట బాబు బావు అవుతుంది. "ఇరవయ్యేళ్ళయింది, ఆడెక్కడ పడుకున్నాడో నాకు తెల్దు. ఓపాలి సూసి పిడికెడు మట్టేసి రావాల. ఈ ఐదు గంటలు దాటిపోతే మల్లీ ఈ జన్మకి ఎల్లను. దారి రాసియ్యి."

నా దగ్గరికే ఎందుకు వచ్చిందంటే, సెటిల్‌మెంట్‌లో ఎవరు పాసు మీద ఎటు వెళ్ళినా, ఎక్కడ దిగాలో ఎన్ని గంటలు ఆగాలో రాసిచ్చేది నేనే. దానికి తోడు, చిన్నప్పుడు ఓడ మీద రంగూన్ వెళ్ళొచ్చానని అందరికీ చెప్పి ఉన్నాను. రంగూన్ వెళ్ళింది మా నాన్న. నేను విశాఖపట్నం రేవు దాకా సాగనంపడానికి వెళ్ళి, ఓడ ఊగడం చూసి గట్టు మీదే కక్కుకున్నాను.

తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. రాసిస్తానన్నాను.

ముందు మా పద్ధతిలోనే వేశాను. రైల్వే పాసు మీద వెళ్ళేవాడు దారిలో దిగి, స్టేషను మాస్టరు చేత సంతకం పెట్టించుకుని, రెండు రోజులుండి, వెనకొచ్చే బండి ఎక్కొచ్చు. దాన్ని బ్రేక్ జర్నీ అంటారు. పోంటా డెల్గాడాలో బ్రేక్ జర్నీ చేసి వెనకొచ్చే ఓడ ఎక్కమని రాశాను. మేమ్‌సాబ్ చదివి మోకాలు పట్టుకుని నవ్వింది. "బాబూ, వెనకొచ్చే ఓడ నెల తర్వాత!" అని హిందీలో అంది. ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

మేమ్‌సాబ్ చదవాలి కనక రెండోసారి పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. నేపుల్స్: అగ్నిపర్వతాన్ని దూరం నుంచి చూడవలెను, ఎక్కరాదు. లిస్బన్: చేపల బజారు, ధర అడగవచ్చు, కొనరాదు, ఓడలో వండనివ్వరు. ఇవి పుస్తకంలో బొమ్మలు చూసి రాసినవి. పోంటా డెల్గాడాకి బొమ్మ ఒక్కటే ఉంది, ఎవరో దొరసాని టోపీ పెట్టుకుని నవ్వుతోంది. శ్మశానానికి దారి ఆ దొరసాని ముఖంలో ఎంత వెతికినా దొరకదు కదా!

పాసుల ఆఫీసులో ఒక రోగం ఉంది. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా అభ్యంతరం రాసి వెనక్కి పంపుతారు. ముప్పయ్యేళ్ళలో నేను ఖాళీ గడి వదిలిన పాపాన పోలేదు. కాబట్టి ఈ కాగితంలోనూ పాసు ఫారంలా గడులు గీసి, ఏ గడినీ వదలకుండా నింపేశాను. మా ఇంటి నుంచి మా ఊరి క్రైస్తవుల శ్మశానానికి ఏ దారి ఉందో అదే దింపాను. ఎనిమిదీ పదికి ఓడ దిగుట. గేటు దాటి ఎడమకు. సోడా కొట్టు. ఆగిపోయిన గడియారం. మెట్లు. పిల్లల బడి. నీలం తలుపు. తాళంచెవి ఒక ముసలామె దగ్గర ఉండును, ఆలస్యమైనచో తిట్టును. మా ఊళ్ళో అలాగే తిట్టేది.

నర్సమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని రవికలో పెట్టుకుంది. మేమ్‌సాబ్ సామాను, ఊరి మట్టి ఒక మూట, చుట్టలు రెండు కట్టలు. బొంబాయి మెయిలు ఎక్కింది.

బండి కదిలాక గాని నాకు తెలివి రాలేదు. అక్షరం రాని మనిషి, మోకాళ్ళు రాని మనిషి, మన భాష వినని ఊరు, చేతిలో నా అబద్ధాల కాగితం. సందుల్లో తిరుగుతూ ఉండగానే అయిదు గంటలూ అయిపోతే? సమాధి చూడ్డం మాట అటుంచి, ఓడే వెళ్ళిపోతే? మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు సత్యవతికి చెప్పేశాను.

ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"రేవు తెల్దు. ఊరు తెల్దు. గోరీ తెల్దు. మరేటి రాసినావు?"

"మన శ్మశానం దారే రాసినాను."

"ఆ ముసల్ది ఆ దీవిలో దిగడిపోతే ఏ పాసు మీద తీసుకొస్తావయ్యా?" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేసింది. నాలుగు నెలలు మాట్లాడలేదు. సరే, నాలుగు రోజులు. కానీ కూరలో ఉప్పు వెయ్యడం మానేసింది, అది నెల.

ఎనిమిది నెలల తర్వాత మండుటెండలో మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. అందులోంచి నర్సమ్మ దిగింది. చీర మీద మోకాళ్ళ దాకా ఉన్ని కోటు. చెమటలు కారిపోతున్నాయి.

"విప్పొచ్చు కదప్పా!" అన్నాను.

"మేమ్‌సాబ్ ఇచ్చింది. లైన్లో అందరూ సూసినాక విప్పుతాను" అంది. వరండాలో కూర్చుని చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లో పెట్టుకుంది. "ఓడలో దీన్ని సూసి ఓ తెల్లోడు బకెట్టుతో పరిగెత్తుకొచ్చినాడు బావూ."

నాకు బకెట్టు అక్కర్లేదు. "దొరికినాడా?" అని అడిగాను.

"దొరక్కేటి? నువ్వు రాసినట్టే ఉంది. మేమ్‌సాబ్ కర్ర పట్టుకుని నడుస్తా కాయితం సదివింది, నేను సూపించినాను. గేటు దాటి ఎడమకి తిరిగితే కొట్టు. సోడా కాదు, సారా. గంటల మేడ ఉంది, గడియారం ఆగిపోయింది. మెట్లు, బడి. నీలం తలుపు. తాళం ముసల్ది బయటికొచ్చి, మేవేదో ఆలీసంగా వచ్చినట్టు తిట్టింది. ఏ బాసో తెల్దు గానీ తిట్టే, నాకు తెల్దా?"

అది వినగానే నేను కుర్చీలోంచి కింద పడ్డాను. పడ్డ మాట నిజమే గాని, కుర్చీ కోడు అంతకుముందు వారమే విరిగి ఉంది.

ఇంతవరకూ సర్దిచెప్పుకోవచ్చు. నేనూ సర్దిచెప్పుకున్నాను. ఏ రేవుకైనా గేటు ఉంటుంది. గేటు పక్కన తాగేదేదో అమ్మే కొట్టు ఉంటుంది. గడియారాలు ఆగడానికే పుట్టాయి. తాళంచెవి చేతిలో ఉన్న మనిషి తిట్టకుండా ఏ దేశంలోనూ ఉండదు.

"తరవాత మూడో వరస, గోడ కాడి నుంచి ఐదోది" అంది నర్సమ్మ. "అదీ నువ్వు రాసినట్టే. మేమ్‌సాబ్ పైకి సదివింది, నేను లెక్కెట్టినాను. రాయి మీద ఆడి పేరుందని మేమ్‌సాబే సెప్పింది. మట్టేసినాను. ఓ చుట్టెలిగించి పెట్టినాను, మామూలుగానే, నిప్పు పైకెట్టి. ఆడికి అడ్డపొగంటే పడదు. ఇంకో గంట ఉండగానే ఓడెక్కేసినాం."

ఫొటో చూపించింది. మేమ్‌సాబ్ కూతురు కెనడాలో కడిగించి ఇచ్చిందట. చిన్న రాయి. సింహాచలం, ఖరగ్‌పూర్ అని ఇంగ్లీషులో ఉంది. ఖరగ్‌పూర్‌లో ఒక అక్షరం తప్పు. పక్కన నర్సమ్మ, కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఏ గడినీ వదల్లేదని పైన రాశాను. అది అబద్ధం. దారి గడులన్నీ నింపాను గాని, చివరి గడి, సమాధి ఏ వరసలో ఎన్నోది అనే గడి, నింపలేదు. కలం పెట్టాను, తీశాను. గడియారాల గురించీ సోడాల గురించీ ఎన్నైనా కల్పిస్తాను గాని, ఒక ఆడమనిషి మొగుడు ఎక్కడ పడుకున్నాడో అది కల్పించడానికి నాకే చెయ్యి రాలేదు. ఆ సంగతి బయటపడితే గుమాస్తాగా నా పరువు పోతుందని ఇన్నేళ్ళూ సత్యవతికీ నర్సమ్మకీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

నర్సమ్మ వెళ్ళగానే బీరువా తెరిచాను. ఏ కాగితమైనా కింద కార్బన్ పెట్టే రాస్తాను, ఉద్యోగం అలవాటు. నకలు తీసి చూశాను. చివరి గడి ఖాళీ. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, సత్యవతి చేత చూపించాను. ఖాళీయే.

అసలు కాగితం నర్సమ్మ దగ్గర లేదు. తాళం ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, తన దగ్గరే ఉంచేసుకుందట. డోరీన్ మేమ్‌సాబ్‌కి ఉత్తరం రాశాను. ఆ అంకెలు మీరే వేశారా, లేక రేవు ఆఫీసులో ఎవరైనా వేశారా అని. రెండు నెలలకి జవాబు వచ్చింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ గడిలో మూడు, అయిదు అని బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడే ఉందట. సిరా నీదే, అయిదు తల మీద గీత విడిగా పెట్టేది నువ్వొక్కడివే, ఇప్పుడు నన్ను అడుగుతావేం అని రాసింది.

కాగితం మా ఇంట్లోంచి తిన్నగా నర్సమ్మ రవికలోకి వెళ్ళింది. నర్సమ్మకి అంకెలు రాయడం రాదు.

ఆ ఉత్తరం పట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళి అంతా కక్కేశాను. ఓడెక్కలేదని, రంగూన్ అబద్ధమని, అది మా శ్మశానం దారి అని, చివరి గడి ఖాళీగా వదిలేశానని. ఆమె చేపలు కడుగుతోంది. తలెత్తలేదు.

"నువ్వు ఓడెక్కలేదని లైన్లో కుక్కక్కూడా తెల్సు బావూ."

"మరి నా కాడికెందుకొచ్చినావప్పా?"

"మన హిజ్లీ ఇంజినీర్ల కాలేజీలో పంతులుగారినడిగించినాను, తెల్దన్నాడు. కలకత్తా ఓడాఫీసోళ్ళు తెల్దన్నారు. సర్చి పాదిరీ తెల్దన్నాడు. నువ్వొక్కడివే తెల్దనవని వచ్చినాను."

ఆఖరికి అడిగేశాను, "ఆ గడిలో సింహాచలం బావే రాసినాడంటావా?"

నర్సమ్మ కడుపుబ్బ నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చేతులకి చేపల నీచు, కళ్ళు మోచేత్తో తుడుచుకుంది.

"ఆడా! షెడ్డులో పదేళ్ళు జీతానికి ఏలిముద్ర ఏసినోడు. మూడు ఎటు తిరుగుతాదో ఆడికేటి తెల్సు?"

అయితే ఎవరు? ఆమెను అడిగితే చేపల వైపు చూసింది. సత్యవతిని అడిగితే, రాత్రి నిద్రలో లేచి నువ్వే రాశావు అంది. రాశాననే అనుకుందాం, కార్బన్ మీద పడలేదు, సరే. కానీ ఆ అంకె నాకెలా తెలుసు?

తెలియదు అని రాయడం నా ఉద్యోగంలో ఎప్పుడూ అలవాటు లేదు. ఇక్కడ రాస్తున్నాను. తెలియదు.