పురిటికొచ్చిన కొంగలు

కొంగలపాడులో పార్కు పెట్టింది అటవీశాఖ వాళ్లే అయినా, దాన్ని నడిపేది మాత్రం అసిరమ్మే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. వాళ్లు కట్టించింది ఏముంది గనక? ఒక ఇనప టవరు, నాలుగు సిమెంటు బెంచీలు, ఎక్కితే కీచుమని గోలపెట్టే ఉయ్యాల, పక్షుల్ని ప్రేమించమని ఒక బోర్డు. ఆ బోర్డు కిందే చిప్సు పొట్లాలు పారేసే మహానుభావులకి టీ కాచి ఇచ్చి, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పొట్లం కట్టి, "ఒలమ్మా, నీ పిల్లడ్ని అరవనీకు, గుడ్ల మీద కూసున్నాయి" అని కసిరి నోరు మూయించేది అసిరమ్మ.

ఆ ఊరు సోంపేటకీ సముద్రానికీ మధ్య, బీల అంచున ఉంది. బీల అంటే ఏడాదిలో సగంపైన నీళ్లు నిలిచే పల్లపు నేల. వానలు పట్టుకోగానే ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ గుంపులుగా వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వాటి దారిన అవి పోతాయి. ఊరివాళ్లకి అవి పిట్టలు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. అవి ఉన్నన్నాళ్లూ ఊళ్లో డప్పు మోగదు, దీపావళికి టపాకాయ పేలదు, పెళ్లయినా మేళం పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. అవి వెళ్లిపోయే రోజుల్లో ఆడవాళ్లు చెట్టు మొదట్లో పసుపు కుంకుమ పెట్టి "మల్లీ రండమ్మా" అని సాగనంపుతారు. నేను సోంపేటలో బడిపంతులమ్మని. ఏటా పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాను. మొదటిసారి ఆ పసుపు కుంకుమలు చూసి నవ్వొచ్చింది. అసిరమ్మ నన్నొక చూపు చూసింది, అంతే, మళ్లీ నవ్వలేదు.

ఆమె ఇల్లు పార్కు కంచెకి ఆనుకునే ఉంది. పెరట్లో పెద్ద చింతచెట్టు. ఊరి చెట్లన్నిట్లోకీ దానిమీదే గూళ్లు ఎక్కువ. టవరెక్కలేని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆమె టీకొట్టు పాకలో కూచునే కొంగపిల్లలు నోరు తెరవడం చూసేవాళ్లు. మొగుడు గంగులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో వీరావల్ చేపల బోట్ల మీదుంటాడు. ఇక్కడ ఇల్లూ, కొట్టూ, చెట్టూ అన్నీ ఆమెవే. రెట్టలు పడి బట్టలు పాడైనా, ఎండబెట్టిన చేపలు కొంగలెత్తుకుపోయినా, "పుట్టింట్లో తినక ఇంకెక్కడ తింటాయి" అనేది తప్ప విసుక్కోవడం నేను చూడలేదు.

ఒక్కగానొక్క కూతురు రాణిని పలాసలో ఇచ్చారు. రాణికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల పడ్డాక, పైలిన్ తుఫాను వచ్చిన ఏడాది వానల్లో, పుట్టింటికి తెచ్చుకుంది అసిరమ్మ. అప్పుడే కొంగలు కూడా దిగాయి. ఊళ్లో ఆడవాళ్లంతా "నీకీయేడు పురుళ్లే పురుళ్లు" అని వేళాకోళమాడారు. ఆ మాటకి ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. రాణికి ఆయాసం పట్టుకుంది. చేపల బుట్టల మధ్య పుట్టి పెరిగిన పిల్లే, కానీ ఈసారి ఆ రెట్టల కంపు ముక్కుకి తగిలితే చాలు, తిన్నది తిన్నట్టు బయటికొచ్చేసేది.

"అమ్మా, ఈ కంపు నాను పడనేకపోతన్నాను. ఊపిరాడతన్నేదే," అని గుమ్మం పట్టుకుని నిలబడి రొప్పేది.

డాక్టరమ్మ చూసి, మందులిచ్చి, గాలి బాగా ఆడే చోట ఉంచమంది. బారువలో అసిరమ్మ చెల్లెలి ఇల్లుంది. సముద్రపు గాలి, విశాలమైన వసారా, రమ్మంటున్న చెల్లెలు. పంపి ఉంటే ఈ కథే లేదు. కానీ పంపలేదు. సొంత ఇల్లుండగా కూతురి పురుడు ఇంకొకరింట్లో పోయిస్తే నలుగురూ ఏమంటారోనని అహం అడ్డొచ్చింది. ఆమె మంచిదే గానీ, పట్టింపు మనిషి. ఆ పట్టింపే కొంపముంచింది.

కూతుర్ని పంపలేదు కనక, కొంగల్ని పంపాలనుకుంది. డప్పు కొడితే ఊరంతా వింటుంది, రాళ్లు విసిరితే వాచరు జగన్నాధం చూస్తాడు. అతను అటవీశాఖలో చిన్న నౌకరీ చేసేవాడే అయినా, కొంగల జోలికొస్తే సొంత తమ్ముణ్ణయినా వదలడు. అందుకని ఎవరికీ అనుమానం రాని దారి వెతుక్కుంది. పొద్దుగూకే వేళ రాణిని వీధరుగు మీద కూచోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి దిష్టి తీసేది. చూలాలికి దిష్టి తీయని ఇల్లెక్కడుంటుంది? తీసినవి వీధిలో కాల్చకుండా పెరట్లోకి పట్టుకెళ్లేది. చెట్టు కింద తడి గడ్డి పోగేసి, ఇంకో దోసెడు మిరపకాయలు కలిపి రాజేసేది. ఆ ఘాటు సరిగ్గా కొంగలు గూటికొచ్చే వేళకి కొమ్మల్లోకి లేచేది.

దారినపోయేవాళ్లు దగ్గుతూ, "అబ్బ, ఏటి దిష్టే ఇది, పిల్లకి మహా తగిలినాది!" అనుకుంటూ పోయేవాళ్లు.

కొంగలు చెట్టు చుట్టూ తిరిగేవి, వాలబోయి లేచిపోయేవి. "ఇంకా గుడ్లు పెట్టనేదు గదా, ఇంకో సోట కట్టుకుంటాయి" అని అసిరమ్మ తనకి తానే చెప్పుకుంది. కొన్నాళ్లకి సగం కట్టిన గూళ్లు వదిలేసి అవి వెళ్లిపోయాయి. ఊళ్లో మిగతా చింతచెట్లన్నీ అప్పటికే నిండిపోయాయి. బీల గట్టు మీది సరుగుడు తోటలో, వాటికి అలవాటు లేని ఆ సన్నటి చెట్ల మీద మళ్లీ గూళ్లు మొదలుపెట్టాయి. పెరట్లో కంపు తగ్గింది. రాణి కడుపునిండా తిని నిద్రపోయింది.

"సూసినావా అమ్మా, నాకు పడట్నేదని ఆటికే తెలిసినట్టున్నాది, పాపం," అంది రాణి ఒకరోజు.

అప్పటికింకా అసిరమ్మకి గుచ్చుకున్నది చిన్న ముల్లే.

దసరాల్లో తుఫాను వచ్చింది. ఊరంతా షెల్టరులో తలదాచుకుని తెల్లారాక తిరిగొచ్చింది. కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, అసిరమ్మ కొట్టు రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో తెలియదు, పార్కులో ఉయ్యాల కొక్కేలు మాత్రం మిగిలాయి. చింతచెట్లు చాలావరకు తట్టుకున్నాయి. గట్టు మీది సరుగుడు తోట మాత్రం మొత్తం నేలమట్టమైంది.

జగన్నాధం కేకలకి అందరూ గట్టుకి పరిగెత్తారు. విరిగిన కొమ్మల కింద తల్లి కొంగలు పడి ఉన్నాయి. రెక్కలు విప్పి గుడ్ల మీద కప్పుకున్నవి కప్పుకున్నట్టే ఉన్నాయి. లేచి ఎగిరిపోయుంటే కొన్నయినా బతికేవేమో. లేవలేదు. గుడ్లు కూడా మిగల్లేదు.

జగన్నాధం బురదలో కూలబడి ఏడ్చాడు. "అసిరమ్మప్పా, నీ సెట్టు సూడు, ఒక్క పెద్దకొమ్మ ఇరగనేదు. దాని మీదుంటే బతికిపోదురు. ఇన్నేళ్ల పుట్టిల్లు ఒగ్గేసి ఇటెందుకొచ్చినాయో, ఏటి పోయేకాలమో!"

పురిట్లో పోయిన ఆడపిల్లలకి చేసినట్టే చేద్దామన్నారు ఊరి పెద్దలు. గట్టు పక్కన గొయ్యి తీశారు. పసుపు కుంకుమలు పుట్టింటివాళ్లే పెట్టాలన్నారు. ఎవరి చెట్టు మీద ఏళ్ల తరబడి కాపురమున్నాయో ఆమే పుట్టిల్లు కదా, అందరూ అసిరమ్మని ముందుకి తోశారు. ఆమె పెట్టింది. ఒక్కొక్కదాని తల మీదా పసుపు రాసి బొట్టుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె దుఃఖం చూసి, ఎంత మనసే తల్లీ అని కళ్లొత్తుకున్నారు. ఆ ఓదార్పు తనని కాల్చినట్టుందని తర్వాతెప్పుడో నాతో చెప్పింది. "ఎవులైనా ఒక్కరు నా మొకాన ఉమ్మేసుంటే బాగుణ్ణు టీచరమ్మా" అంది.

నవంబరులో రాణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఎత్తుకోమని పసిదాన్ని చేతికిస్తే అసిరమ్మ చేతులు కొంగుకి తుడిచి తుడిచి గానీ అందుకునేది కాదట. రాత్రీ పగలూ చేసింది, నీళ్లు పోసింది, పథ్యం వండింది. ఎంత చేసినా ఆ గొయ్యి ఆమె కళ్లముందే ఉండేది. ఆ ఏడు మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ చెట్టు మీద కొంగల్లేవేమని నేనే అడిగాను. "సెట్టుకి వయసైపోనాది" అంది అటు తిరిగి. చింతచెట్టుకి వయసేమిటని నేను దబాయించాను కూడా. నా నోరు మంచిది కాదు.

అయిదో నెలలో సారె పెట్టి రాణిని అత్తారింటికి పంపే ముందురోజు అసిరమ్మ ఉండబట్టలేక కూతురితో అంతా చెప్పేసింది. చలిమిడి మూట కడుతూ, తల వంచుకుని, మిరపకాయల సంగతి మొదలుకొని చెప్పింది. కూతురు కడుపులో పెట్టుకుంటుందనుకుంది, కనీసం తిడుతుందనుకుంది.

రాణి పాలిపోయింది. "కంపు పడనేనన్నానే గానీ, తోలీమన్నానా? నాతో ఒక్క మాటన్నావా? పిన్ని కాడికి ఎల్లిపోదును గదా."

"నీ కోసమేనే, అమ్మా..."

"నా కోసం సేస్తే ఆ ఉసురు ఎవులికి తగుల్తాది? నాకే గదా, నా పిల్లకే గదా!" అంటూ అసిరమ్మ ఒళ్లోంచి నిద్రపోతున్న పిల్లని తీసేసుకుంది. మర్నాడు బండెక్కేటప్పుడు మనవరాలిని మరొకసారి ఇమ్మని అడగడానికి అసిరమ్మకి నోరు రాలేదు.

తర్వాత రెండేళ్లు ఆ చెట్టు మీద ఒక్క గూడు కూడా పడలేదు. రాణి పండగలకి రావడం మానలేదు, కానీ పొద్దున వచ్చి సాయంత్రానికే వెళ్లిపోయేది. అసిరమ్మ వానలు మొదలైనప్పటినుంచీ మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ కూచునేది. ఎక్కడో కట్టెల పొయ్యి రాజుకుంటే పరిగెత్తుకెళ్లి ఆర్పించేది. ఊళ్లో ఆమెకి కొంగల పిచ్చి పట్టిందన్నారు. ఒకరోజు జగన్నాధానికీ, ఆ తర్వాత నాకూ చెప్పేసింది. అతను కొన్ని నెలలు ఆమె కొట్టులో టీ తాగలేదు, ఆ తర్వాత తాగాడు.

మూడో ఏడు, రెండువేల పదహారు మొదట్లో, రాణి మళ్లీ నెల తప్పింది. ఆ ఏటి వానల్లో కొంగలు వచ్చి అసిరమ్మ చెట్టు మీద వాలాయి. పది పుల్లలు పడ్డాయో లేదో, ఆమె సోంపేట దాకా వచ్చి మా బడి గేటు దగ్గర నిలబడి నాకు చెప్పింది. "నన్ను సెమించినాయి టీచరమ్మా. ఇక నా పిల్ల కూడా వస్తాది." ఆ మొహం చూస్తే నాకూ నమ్మబుద్ధేసింది. ఇల్లు అలికించింది, బారువ చెల్లెలితో మాట్లాడి, అవసరమైతే అక్కడ పురుడు పోయించడానికి కూడా సిద్ధపడింది. అహమంతా ఎప్పుడో పోయింది.

నేను పిల్లల్ని తీసుకెళ్లిన రోజే ఫోనొచ్చింది. కొట్టు నిండా జనం. అసిరమ్మ ఫోను చెవికానించుకుని పాక బయటికొచ్చింది. పక్కనే ఉన్న నాకు రాణి గొంతు వినిపిస్తూనే ఉంది.

"అమ్మా, మగపిల్లడు. ఇక్కడే పలాస ఆసుపత్రిలో. ఇద్దరం బాగున్నాం."

"కన్నీసినావా! ఒక్క మాట సెప్పనేదేటే? నానిప్పుడే బస్సెక్కి వచ్చేస్తన్నాను."

"వద్దులే అమ్మా. అత్తమ్మ ఉన్నాది. కొంగలొచ్చినాయన్నావు గదా, నువ్వక్కడే ఉండు. ఆటిని సూసుకో."

"సరే తల్లీ," అంది అసిరమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లిని పట్టుకుని ఆ మాటనడానికి నోరెలా వచ్చిందని, ఫోను ఇలా ఇమ్మని, నాలుగు దులుపుతానని చెయ్యి చాపాను. అసిరమ్మ ఫోను కొంగులో ముడేసుకుంది.

"దాన్నేటీ అనకండి టీచరమ్మా. పిల్లల్ని కాసుకుంటన్నాది, అంతే. నాను సేసిందీ అదే గదా."