మా వదిన పేరు కొట్టేసిన రూలు

కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట మీకు వినపడదు, గొంతు పెంచి చెప్పే మనిషిని కాను నేను. చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ చూసింది, విన్నది ఏదీ మరిచిపోను. ఈ సంగతి జరిగి రెండేళ్ళయింది.

మాది దమ్మపేట నుంచి చండ్రుగొండ వైపు పోతే అడవి అంచున ఉన్న ఊరు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ అక్కడే, మధ్యన నాలుగిళ్ళు. మా ఊరి బతుకమ్మకు చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు కూడా వస్తారు. తొమ్మిది రోజులు బడి మైదానంలో ఆడి, చివరి రోజు వాగులో వదులుతాం. మొదటి పాట ఎప్పుడూ మా వదినదే, అంటే మా అన్న భార్యది. ఆమె గొంతెత్తితే ఇంకా దారిలో ఉన్నవాళ్ళు కూడా నడక పెంచేవాళ్ళు.

చాలా ఏళ్ళు లైట్లు, మైకు, నీళ్ళ ట్యాంకరు అన్నీ ఒక కాంట్రాక్టరు చూసుకునేవాడు. ఆయన ఖమ్మానికి మకాం మార్చిన ఏడు మైదానంలో గడ్డి కొట్టించే దిక్కు కూడా లేకపోయింది. ఎవరి వాకిట్లో వాళ్ళం రెండు చుట్లు తిరిగి ఊరుకున్నాం. అప్పుడే ఆడవాళ్ళమంతా కూర్చుని, ఒక్క మనిషి చేతిలో పండగను వదిలెయ్యొద్దు, సంఘం పెట్టి రిజిస్ట్రేషన్ చేయిద్దాం అనుకున్నాం.

అంగన్‌వాడీ టీచరును అధ్యక్షురాలిని చేశాం. ఏ ఇంట్లో ఎప్పుడు ఏం జరిగిందో నాకు గుర్తుంటుందని నన్ను ఉపాధ్యక్షురాలిని చేశారు. రూల్సు రాసే పని పాలకేంద్రంలో పాలు కొలిచే ఆమె తీసుకుంది. ఆమె దగ్గర పాల సంఘం రూల్సు పుస్తకం ఉంది. పాలు అని ఉన్నచోట బతుకమ్మ అనీ, రైతు అని ఉన్నచోట సభ్యురాలు అనీ మార్చి రాసుకొచ్చింది. బడి వరండాలో అందరం కూర్చుంటే చదివి వినిపించింది. ఒకచోట మార్చడం మరిచిపోయినట్టుంది, “సభ్యురాలి ఇంట కనీసం ఒక పాడి పశువు ఉండవలెను” అని వచ్చింది.

“మా ఇంట్ల మా ఆయన ఉన్నడు, సరిపోతదా?” అందొకామె.

“పొద్దుగాల ఎన్ని లీటర్లిస్తడు?” అంది పక్కనున్నామె.

ఇక చూడండి, పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వులోనే తర్వాతి నాలుగైదు రూల్సు దాటిపోయాయి. చివర్న కాగితం చేతికిస్తే నేనూ సంతకం చేశాను. నా పేరు రాయడం నాకొచ్చు, అంతవరకే వచ్చు.

సంఘం బాగానే నడిచింది. ఏ వీధివాళ్ళు ఏ రోజు మైదానం ఊడ్వాలి, మైకు ఎవరు మాట్లాడాలి, మీటింగు ఎప్పుడు పెట్టాలి అన్నీ ముందే తేలిపోయేవి. మా పుట్టింటికే దినాలు బాగాలేవు. సంఘం పెట్టిన ఏడే, దసరా నెల రోజులుందనగా మా నాన్న పోయాడు. మరుసటి ఏడు అమ్మ. ఆపై ఏడు అన్న, పొలం నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మా దగ్గర ఇంట్లో చావు జరిగితే ఏడాది దాకా ఆ ఇంట బతుకమ్మ పేర్చరు. నేను పెళ్ళయి వేరే ఇంటికి పోయిన దాన్ని కాబట్టి నాకు పట్టింపు మూడు రోజులే. అందుకని ఆ మూడేళ్ళూ నేను పేర్చాను, ఏడ్చుకుంటూనే పేర్చాను. వదిన మాత్రం మూడేళ్ళూ తన గుమ్మంలో నిలబడి మా పాట విన్నది.

నాలుగో ఏడు అన్న సంవత్సరీకం అయిపోయింది. మా ఊళ్ళో భర్త పోయినవాళ్ళూ బతుకమ్మ ఎత్తుతారు. ఈసారి గునుగు పూలు తానే వెళ్ళి కోసుకొస్తానని వదిన నెల ముందునుంచే చెబుతోంది. అప్పుడే సభ్యుల పట్టీ బడి గోడకు అంటించారు. ఇద్దరం చూద్దామని వెళ్ళాం. వదిన ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివింది. మళ్ళీ పైకి పోయి మొదలుపెట్టింది.

“ఏంది వదినా, కండ్లు కనపడతలేవా?” అన్నాను.

“కండ్లు కనపడుతున్నయ్. నేనే కనపడతలేను.”

అటునుంచి అటే పాలకేంద్రానికి పోయాం. ఆ వేళకు రూల్సు రాసినామె క్యాన్లు కడుగుతోంది. మేమడిగితే చేతులు కొంగుకు తుడుచుకుంటూ అంది, “అవ్ అక్కా, రూలున్నది. వరుసగ మూడేండ్లు బతుకమ్మ తేకపోతే పేరు దానంతటదే పోతది. ఆనాడు చదివిన గదా.”

ఫైలు తెచ్చి చూపించింది. రూలు కింద సంతకాలు. రెండోది నాది, వంకర టింకరగా, అందరికంటే పెద్దగా.

పోయిందెవరు? మా నాన్న, మా అమ్మ, మా అన్న. పేరెవరిది పోయింది? మా వదినది. నా పేరు పట్టీలో రెండో వరసలో భద్రంగా ఉంది.

“ఆడిబిడ్డ కట్నం తక్కువ పెట్టిన్ననా పిల్లా? అది మనసుల పెట్టుకొని గిట్ల చేసినవా?” అంది వదిన. నవ్వుతూనే అంది గానీ నా వంక చూడలేదు.

పాలకేంద్రం ఆమెకు ఏమనిపించిందో, లోపలికి పోయి పాల సంఘం పుస్తకం తెచ్చి ఆ రూలున్న పేజీ తీసింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. వరుసగా ఇన్ని రోజులు పాలు పోయని రైతు పేరు తీసెయ్యాలని ఉంది, నిజమే. దాని వెంటనే ఇంకో మాట ఉంది. బర్రె పాలు ఆగి ఒట్టిపోయిన నెలలు ఈ లెక్కలోకి రావు, అని.

“బర్రె సంగతి మనకెందుకని గా మాట తీసేసిన,” అంది మెల్లగా.

ఒట్టిపోయిన బర్రెకు ఆగారు ఆ పాలవాళ్ళు. చావు జరిగిన ఇంటికి మేం ఆగలేదు. బతుకమ్మ ఎందుకు మానేస్తారో మాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎంత తెలిసిందంటే, దాన్ని రాసుకోవాలని ఒక్కరికీ తోచలేదు.

నేను అధ్యక్షురాలి దగ్గరికి ఉరికాను. “పేరు రాసెయ్యి టీచరమ్మా, ఎవరడుగుతరు?”

“ఎవరూ అడగరక్కా. నా భయం గదే. కాంట్రాక్టరు చేసింది ఏంది? నచ్చినోళ్ళను ముందల నిలబెట్టుడు, నచ్చనోళ్ళను ఎనకకు నూకుడు. మనం గట్ల చెయ్యొద్దనే గదా రాసుకున్నం? రూలు మార్చాలంటే పదిహేను రోజుల ముందు నోటీసియ్యాలె, అందరూ చెయ్యెత్తాలె.”

“పండగ పన్నెండు రోజులల్ల ఉన్నది.”

“తెలుసక్కా. ఆట అందరిది, వచ్చి ఆడొచ్చు. మొదటి పాట మాత్రం సభ్యురాలే పాడాలె. ఈ ఏడుకు ఏం చెయ్యలేను.”

అనకూడని మాట ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

వదిన ఏడుస్తుందనుకుంటూ ఇంటికి వచ్చాను. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే, “తీసేసింది నా ఒక్కదాని పేరేనా?”

నిజం చెబుతున్నాను, అది చూడాలని నాకు తట్టనే లేదు. పాత పట్టీ తెచ్చి పక్కన పెట్టి చదివితే ఇంకో పేరు లేదు. పామాయిలు తోటల అవతల గూడెంలో ఉండే ఆమెది. ఆమె ఇంట్లోనూ మూడేళ్ళలో ముగ్గురు పోయారు, చివరివాడు ఎదిగిన కొడుకు.

“నన్నంటే గోడకాడికి తోలుకపోను నువ్వున్నవ్. ఆమెకు ఎవరున్నరు? నడువ్,” అంది వదిన.

మేం పోయేసరికి ఆమె వాకిట్లో కూర్చుని రోట్లో పచ్చడి నూరుతోంది. జరిగిందంతా చెప్పాం, తప్పు మాదే అన్నాం. ఆమె నూరడం ఆపకుండానే అంది, “పేరు పోయిందని తెలుసమ్మా, మా పక్కింటామె చెప్పింది. నా అసొంటి చావుల ఇంటిదాన్ని పండుగల ఎందుకు ఉంచుతరనుకున్న. గందుకే అడగరాలే.”

మా పొరపాటును ఆమె తన రాత అనుకుంది. వదిన పేరు లేకపోవడం చూసినప్పటికంటే, సంతకం చూసినప్పటికంటే, ఆ మాటకు నాకు ఎక్కువ దెబ్బ తగిలింది. మేం ఆ దారిన పోకపోతే ఆమె ఇక ఎప్పటికీ వచ్చేది కాదు. ఒక్కరం కూడా ఎందుకు రాలేదని అడిగేవాళ్ళం కాదు.

వదిన ఆమె పక్కన కూలబడి, పచ్చడి బండ చేతిలోంచి తీసుకుని తాను నూరడం మొదలుపెట్టింది. “ఎంగిలిపూల నాడు, మొదటి దినమే వచ్చి నా పక్కన నిలబడు. ఇద్దరం పేరు లేనోళ్ళమే,” అంది.

ఆ ఏడు మొదటి పాట నేను పాడాను. శ్రుతి ఎక్కడికో పోయింది. వాళ్ళిద్దరూ మూడో వరసలో చప్పట్లు కొట్టారు. చివరి రోజు సద్దుల బతుకమ్మ అయిన వారానికి మీటింగు పెట్టి, ఇంట చావు జరిగిన ఏడు లెక్కలోకి రాదని రాసుకున్నాం. ఇంకోటి కూడా వదిన పట్టుబట్టి రాయించింది: ఎవరి పేరైనా తీసేముందు కమిటీలో ఇద్దరు ఆ ఇంటికి పోయి ఎందుకు రాలేదో అడగాలి. చెయ్యెత్తనివాళ్ళు లేరు. వాళ్ళిద్దరి పేర్లు పట్టీ అడుగున, కొత్త కోడళ్ళ తర్వాత ఎక్కాయి. ఆ అడిగొచ్చే పని ఇప్పుడు నాదీ వదినదీ.

మీ ఇంటి ఆడవాళ్ళు ఏటేటా ఒడినిండా తంగేడుపూలు తెచ్చుకోవాలి. ఏ ఏడైనా తెచ్చుకోలేని కష్టం వస్తే, ఎందుకు రాలేదమ్మా అని అడిగే మనిషి మీ గడప వెతుక్కుంటూ రావాలి. మీ పిల్లాజెల్లా, మీ గొడ్డూగోదా అంతా సుఖంగా ఉండాలి.