ఓడిపోయిన ఆఫీసులో ఆవిడ

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఈరోజు పొద్దున పోయింది. నిద్రలోనే. మీకు నేనే చెప్పాలనుకున్నాను" అంది. నేను మోరిస్‌విల్‌లో ఇండియన్ స్టోర్ ముందు కార్‌లో ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక కొనాల్సినవేవీ కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఇరుగుపొరుగు కూడా కాదు. ఇక్కడ అమెరికాలో పార్లమెంటుని కాంగ్రెస్ అంటారు; అందులో మా నియోజకవర్గం సభ్యుడి స్థానిక ఆఫీసులో పనిచేసేది. పెన్షన్ ఆగిపోయినవాళ్ళు, పాస్‌పోర్ట్ రానివాళ్ళు, వీసా చిక్కుల్లో పడ్డవాళ్ళు వస్తే వాళ్ళ గోడు విని, వాళ్ళ తరఫున ప్రభుత్వ శాఖల వెంటపడటం ఆవిడ ఉద్యోగం. ఇక్కడ కేస్‌వర్కర్ అంటారు. మా అమ్మ మాత్రం "ఆఫీసావిడ" అనేది. మా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

మా ఆయన వాళ్ళ తమ్ముడి పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోయిన ఏడాది ఆవిడ నాకు పరిచయమైంది. పాస్‌పోర్ట్ కాన్సులేట్‌లో ఉండిపోయింది. ఎప్పుడిస్తారో, ఎందుకాపారో ఎవరూ చెప్పరు. ఇక్కడ నేను, నడక వచ్చిన కొత్తలో ఉన్న మా పాప, ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మ. ఆయన ఆఫీస్‌ వాళ్ళు ఇంకెంతకాలం ఆగుతారో తెలియదు. కాంగ్రెస్ సభ్యుడి ఆఫీస్‌కి వెళ్ళమని ఒక కొలీగ్ చెబితే నేను వెంటనే వెళ్ళలేదు. ఓటు లేనివాళ్ళ మాట వాళ్ళెందుకు వింటారనుకున్నాను.

ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పక్కన ఉండేది. నీలం గౌను, దాని కింద పరుగు పందేనికి వెళ్ళేవాళ్ళ బూట్లు, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. పొడవాటి నల్లజాతి స్త్రీ లేచి వచ్చి చెయ్యి కలిపింది.

"ముందే చెప్పాలి. నాకు ఓటు లేదు" అన్నాను.

"నేను అడగలేదే. మీరు ఉండేది ఈ నియోజకవర్గంలోనేనా?"

"అవును."

"అయితే కూర్చోండి."

అంతే. మొదట మా ఆయన పేరు నేర్చుకుంది. ఇంటిపేరుతో కలిపి అది చాంతాడంత ఉంటుంది. ఒక్కొక్క అక్షరమూ నా చేత పలికించుకుని, తనూ పలికి, "బాగుందా? ఇంకోసారి చెప్పండి" అనేది. అన్ని తంటాలు ఎందుకన్నాను. "నేను ఫోన్‌లో పేరు నసిగానంటే అవతలివాళ్ళకి అది ఒక నంబరైపోతుంది. గట్టిగా సరిగ్గా పలికితే మనిషవుతాడు" అంది. పని అవుతుందని మాత్రం ఏనాడూ మాట ఇవ్వలేదు. "తలుపు తెరిచే అధికారం నాకు లేదు. తట్టే అధికారం ఉంది. తడుతూనే ఉంటాను."

తట్టడమంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. వాషింగ్టన్‌లో ఏదో శాఖకు ఫోన్ చేసి, వాళ్ళు లైన్‌లో ఉండమంటే స్పీకర్ పెట్టి, ఆ సంగీతం మోగుతుండగా గదిలో మొక్కలకి నీళ్ళు పోసేది. ఎండుటాకులు గిల్లేది. అవతల మనిషి గొంతు వినబడగానే నీళ్ళ చెంబు కింద పెట్టి నిటారుగా నిలబడి మాట్లాడేది. కూర్చుని మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ ఒకసారి జంతికలు పట్టుకెళితే, తనకోసం ఏదీ తీసుకోకూడదని చెప్పి, ఆ డబ్బా తెరిచి వెయిటింగ్ రూమ్‌లో అందరికీ అందేట్టు పెట్టింది. పెట్టగానే ఒక మాజీ సైనికుడు నమలడం మొదలుపెట్టాడు. అమ్మ ఆయన వంక చూసి తెగ మురిసిపోయింది.

ఆ నవంబర్‌లో మిడ్‌టర్మ్ ఎన్నికలు వచ్చాయి. ప్రెసిడెంట్ నాలుగేళ్ళ పదవికి సరిగ్గా నడుమ వచ్చే ఎన్నికలివి. ఆయన పేరు బ్యాలెట్ మీద ఉండదు. కానీ ప్రతినిధుల సభ మొత్తం, సెనెట్‌లో మూడోవంతు మళ్ళీ జనం ముందు నిలబడాలి. సంఖ్య అటూ ఇటూ అయితే కమిటీలకి కొత్త అధ్యక్షులు వస్తారు, ప్రెసిడెంట్ అడిగిన బిల్లులు నిలిచిపోతాయి, నిన్నటిదాకా ప్రశ్నలు తప్పించుకున్నవాళ్ళు జవాబులు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. మా సభ్యుడు ఓడిపోయాడు. సభ కూడా చేతులు మారింది.

హైదరాబాద్ నుంచి మా ఆయన ఫోన్. "మనోళ్ళు ఓడిపోయిన్రంట గదా. ఇగ మన కేసు ఎవరు చూస్తరు?"

అమ్మకి అసలు అర్థం కాలేదు. "అదేంటే, ప్రెసిడెంటు ఉన్నాడుగా. గవర్నమెంటు పడిపోలేదుగా. మరి ఆవిడ ఉద్యోగం ఎట్లా పోద్ది?"

మన దగ్గర సభలో బలం పోతే ప్రభుత్వమే పోతుంది. ఇక్కడ ప్రభుత్వం ఉంటుంది, దాని బలం సగమవుతుంది. పైన ఉన్నాయన అలాగే ఉంటాడు, కింద మా ఊళ్ళో పళ్ళ డాక్టరు పక్కన ఆఫీసు మూతపడుతుంది. అది అమ్మకి చెప్పడానికి నాకు ఆరోజు చేతకాలేదు.

ఫలితాలొచ్చిన మర్నాడు, బుధవారం పొద్దున్నే, ఎవరూ ఎత్తరనుకుంటూనే ఆఫీస్‌కి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"నిన్న కూడా కాన్సులేట్‌కి రాశాను. ఇంకా జవాబు రాలేదు" అంది నేను అడక్కముందే.

"ఎలక్షన్ సంగతి విన్నాను. ఐయామ్ సారీ."

"థాంక్యూ. జనవరి మూడున కొత్త మెంబర్ వచ్చేదాకా మనకి టైముంది. ఎలక్షన్ మెంబర్‌ని మారుస్తుంది. మీ కష్టాన్ని మార్చలేదు కదా."

డిసెంబర్‌లో మళ్ళీ తనే పిలిచింది. సభ్యుడు దిగిపోతే అతని దగ్గరున్న కేసులు వాటంతటవే కొత్త సభ్యుడి దగ్గరికి వెళ్ళవట. ఎవరి కేసుకి వాళ్ళే ఒప్పుకోవాలి. అందుకని తెగని కేసులున్న ప్రతి ఒక్కరికీ ఆవిడ ఫోన్ చేస్తోంది. "మీ వివరాలు ఆ పార్టీ వాళ్ళకి ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పండి, తప్పులేదు" అంది. నాకేం పార్టీ అన్నాను. వచ్చి సంతకం పెట్టమంది.

అమ్మా నేనూ పాపని తీసుకుని వెళ్ళాం. గోడల మీద ఫోటోలు తీసేశారు. అవి ఉన్నచోట గోడ రంగు మాయకుండా కొత్తగా ఉంది. అన్నీ అట్టపెట్టెలే. ఆవిడ కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది. గెలిచిన సభ్యుడి దగ్గర చేరబోయే కేస్‌వర్కర్. అంతకుముందు స్కూల్లో కౌన్సిలర్‌గా పనిచేసిందట. ఎన్నికల ముందు టీవీలో ఆ రెండు పక్షాలూ ఒకరినొకరు ఎంతెంత మాటలన్నారో రోజూ విన్నదాన్ని కదా, నాకు గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. మా ఆఫీసావిడ ఆ కుర్చీ పక్కన నిలబడి, ఏ శాఖలో ఎవరు మంచిగా మాట్లాడతారో, ఎవరికి మెయిల్ కంటే ఫోన్ నయమో చెబుతోంది. ఆ కొత్తావిడ వంచిన తల ఎత్తకుండా రాసుకుంటోంది.

"రండి రండి" అంది నన్ను చూసి. కొత్తావిడతో, "ఈమె భర్త పేరు పలకడం ముందు నేర్చుకో. నాకు చాలా కాలం పట్టింది. నేను నేర్పిస్తాను, నీకు తొందరగా వచ్చేస్తుంది" అంది.

ఆ గదిలో, ఆ పెట్టెల మధ్య, ఓడినావిడ, గెలిచినావిడ కలిసి మా ఇంటిపేరు పలికారు. పాప నవ్వింది.  ప్రభుత్వం మారడమంటే పెద్ద పెద్ద మెట్ల మీద ప్రమాణాలు చేయడమే అనుకునేదాన్ని. అది ఇలా కూడా జరుగుతుందని నాకు తెలియదు.

బయట పార్కింగ్‌లో అడిగాను. "మీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? బుధవారమంతా వచ్చింది. లంచ్ టైమ్‌లో కార్‌లో కూర్చుని ఏడ్చాను కూడా. గురువారం మళ్ళీ ఫోన్లు మోగాయి." పాప కోటు గుండీ పెట్టి అంది. "మా అమ్మ మొదటిసారి ఓటేసినప్పుడు నేను పదేళ్ళ పిల్లని. అప్పటిదాకా మా ఊళ్ళో నల్లవాళ్ళని ఓటు వేయనివ్వలేదు. చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుని వెళ్ళింది. ఆమె వేసిన మనిషి ఓడిపోయాడు. అయినా దారంతా పాడుకుంటూ వచ్చింది. అది చూసినదాన్ని, ఓడిపోయామని తాళంచెవులు విసిరికొట్టి పోతానా?"

వసంతంలో పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. మా ఆయన తిరిగి వచ్చాడు. కొత్త ఆఫీసు వాళ్ళు రాసినందుకే వచ్చిందో, దాని వేళకి అదే వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఎయిర్‌పోర్ట్‌లో పాప నాన్నని గుర్తుపట్టక నా చున్నీ వెనక దాక్కుంది. ఇంటికి రాగానే మా ఆయన ఆఫీసావిడకి ఫోన్ చేసి తన పేరు చెప్పుకున్నాడు. ఆవిడ ఆ పేరుని మళ్ళీ పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా పలికి, "వెల్కమ్ హోమ్" అందట. "మా మేనేజర్ ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ గట్ల అనలే" అని మా ఆయన ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత ఆవిడ ఏ నాయకుడి దగ్గరా పనిచేయలేదు. లైబ్రరీలో సిటిజన్‌షిప్ క్లాసులు చెప్పేది. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేది. పాప "ఆంటీ" అని పిలిస్తే మొదట్లో నవ్వేది, తర్వాత ఆ పిలుపుకే పలికేది. చారు గ్లాసులో పోయించుకుని తాగేది. గ్రీన్ కార్డ్ వచ్చి, ఏళ్ళు గడిచి, నేనూ ఆ క్లాస్‌లో కూర్చున్నాను. మిడ్‌టర్మ్ ఎందుకని ఒకరు అడిగితే, "గెలిచాక నాలుగేళ్ళు ఎవరి మొహమూ చూడక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. అందుకు" అంది. తన దేశంలో దిగిపొమ్మంటే దిగనివాళ్ళని చూసి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఓడినవాళ్ళు మేం ఖాళీ చెయ్యం అంటే ఏం చేస్తారు?"

ఆవిడ చేతిలో పుస్తకం మూసింది. గ్లాసులో నీళ్ళు తాగింది. "గడువు తీరితే దిగిపోవాలని రాసిపెట్టే ఉంది. రాసినా చేయించేది మనుషులే. అందుకే ఎవరైనా ఖాళీ చేసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మీకూ ఉండాలి."

నా మొదటి ఓటు కూడా మిడ్‌టర్మ్‌లోనే పడింది. అప్పటికి మా సభ్యుడు, ఆవిడ ఆఫీసుని ఓడించినవాడే, ఇంకా ఉన్నాడు. మా ఆయన కేసు చివరిదాకా చూసింది ఆయన ఆఫీసే. కానీ ఆయన సభలో వేసిన ఓట్లు కొన్ని నాకు నచ్చలేదు. రెండు వారాలు నలిగి, చివరికి ఆవిడనే అడిగాను.

"మా ఇంటికి మేలు చేశారు. వేయకపోతే ద్రోహం కాదా?"

"ఆఫీసు వాళ్ళకి థాంక్స్ చెప్పావా?"

"చెప్పాను. కేక్ తీసుకెళ్ళాను."

"అయితే ఆ సంగతి అక్కడితో అయిపోయింది. వాళ్ళు చేసింది వాళ్ళ పని. రాబోయే రెండేళ్ళు నీ బదులు ఆ సభలో ఎవరు కూర్చోవాలనేది వేరే సంగతి. మా మొహాలు చూసి జాలిపడి ఓటేయొద్దు."

ఎలిమెంటరీ స్కూల్ జిమ్‌లో, బాస్కెట్‌బాల్ గీతల మీద వరసలో నిలబడి ఓటేశాను. ఎవరికి వేశానో ఆవిడకీ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. ఆ సభ్యుడు ఓడిపోయాడు.

మర్నాడు ఆఫీసావిడ ఫోన్ చేసింది. "నన్ను డ్రైవ్ చేసి తీసుకెళ్తావా? స్టీరింగ్ పట్టుకునే ఓపిక లేదు." అప్పటికే ఆవిడకి గుండె బలహీనపడింది. ఎక్కడికన్నాను. ఆ కౌన్సిలరమ్మ ఆఫీస్‌కి అంది.

ఆ గదిలో కౌన్సిలరమ్మ ఒక్కతే ఉంది, స్కూల్లో కౌన్సిలర్ పని వదిలి వచ్చి ఇన్నేళ్ళూ ఓడిన సభ్యుడి దగ్గర కేసులు చూసిన మనిషి. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. ఆఫీసావిడ మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుంది. వీపు నిమురుతూ, "ఈరోజు ఏడువు. రేపు వస్తాం" అంది.

మర్నాడు వెళ్ళాం. ఆ మర్నాడూ వెళ్ళాం. ఫైళ్ళు మాత్రం ముట్టుకోలేదు. "వాటిని చూసే హక్కు నాకిప్పుడు లేదు" అని దూరంగా కూర్చుని, ఫోటోలకి పాత పేపర్లు చుట్టి పెట్టెల్లో సర్దేది, టీ కలిపేది. కౌన్సిలరమ్మ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మీ కేసు కొత్త ఆఫీస్‌కి ఇవ్వమంటారా అని అడుగుతూ ఉంటే, అది తన పనే అయినట్టు వింటూ తలాడించేది. నేను కుర్చీ ఎక్కి గోడ మీది ఫోటోలు దించి అందించాను. మేకులు మాత్రం మిగిలాయి.  బ్యాలెట్ మీద నేను పెన్నుతో నింపిన చిన్న సున్నా ఈ గదిదాకా వస్తుందని, దాని ముందు తలవంచి దీన్ని ఖాళీ చేస్తారని నాకు నమ్మకం కుదరలేదు. దించిన ఫోటో చేతుల్లో బరువుగా ఉంది. ఆవిడ నన్ను చూసి, "పర్లేదు, ఇటివ్వు" అని చేతులు చాచింది.

మొన్న శనివారం చర్చిలో ఆఫీసావిడ అంత్యక్రియలు జరిగాయి. వచ్చిన జనం చర్చిలో పట్టలేదు. ఎవరికెవరూ తెలియనివాళ్ళు, ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాళ్ళు. మా ఆయన, పాప, నేను గోడ పక్కన నిలబడ్డాం. ఎన్నికల్లో ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరు మాజీ సభ్యులూ వచ్చారు. ఒకే వరసలో కూర్చున్నారు. కౌన్సిలరమ్మ మాట్లాడబోయి, మాట్లాడలేక, ఆవిడ కూతుర్ని కావలించుకుని వచ్చేసింది.

బయటికి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. ఇప్పటి సభ్యుడి ఆఫీసులో కొత్తగా చేరిన కేస్‌వర్కర్ కూడా వచ్చిందని ఎవరో చూపించారు. చిన్నవయసు. ఆఫీసావిడతో పరిచయం ఒకటి రెండు సార్లే అట. ఆ అమ్మాయి కార్ తలుపు తీస్తుండగా ఫోన్ మోగింది. తలుపు వదిలేసి, ఆవిడ ఫోటోతో చర్చిలో పంచిన కార్డుని వెనక్కి తిప్పి కార్ పైకప్పు మీద పెట్టుకుని, పెన్ను తీసింది. అవతల ఎవరో ఏదో చెబుతున్నారు. వాన చినుకులు కార్డు మీద పడుతున్నాయి. అరచేయి అడ్డుపెట్టి రాసుకుంటూ, "సారీ, తొందర లేదు, మీ పేరు ఇంకోసారి చెప్పండి" అంటోంది.