గొడ్డలి గాట్ల కుర్చీ

మైనం పాలిష్ వాసన తగిలితే బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ వాకిలి గుర్తొస్తుంది. పాత ఇంగ్లీషు సామాన్లంటే పిచ్చి ఉన్న నాన్న, పాత రైల్వే దొర బంగళా సామాన్ల వేలంలో మైనం పాలిష్ వాసనేసే ఓక్ చెక్క కుర్చీ కొనితెచ్చాడు. దొరల కాలంలో లోకో షెడ్‌లో ఇంజన్లు తుడిచే ఖలాసీగా చేసిన తాత దాన్ని చూడగానే గొడ్డలి అందుకున్నాడు.

"ఏటి నాన్నా, పిచ్చెక్కిందా?" అని అడ్డం వెళ్ళాడు మా నాన్న.

"దీన్లో కూకోనే ఆ దొర నన్ను బూటుకాల్తో తన్నీవోడ్రా!"

రాయిలాంటి చెక్క. పేళ్ళు లేచాయి, తాత అరచేతులు చిట్లి నెత్తురు కారింది, కుర్చీ మాత్రం విరగలేదు. చిన్నదాన్ని, కట్టెలు కొడుతున్నాడనుకుని ఆ పేళ్ళు ఏరి నాయనమ్మకిచ్చాను.

"ఈయాల అన్నం బేగి ఉడుకుద్ది" అంటూ పొయ్యిలో పెట్టిందామె.

కుర్చీ ఇప్పుడు నా దగ్గరుంది. ఆ గాట్లు పూడ్చేస్తానంటాడు పాలిష్ చేసే అతను.

మా తాత చేతిపని, ఉండనీ అంటాను.