మిద్దె మీద కట్టిన తాడపత్రి

ఒక అబద్ధాన్ని శానా ఏండ్లుగా కడుపులో పెట్టుకోని తిరుగుతాండా. పెద్ద అబద్ధం కూడా కాదు, నాలుగు మాటలు. నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఎవరికి ఏం చెప్పల్లన్నా నాకు నిమిషం పట్టదు. మరి ఈ ఒక్కటి చెప్పేకి ఇన్నేండ్లు ఎందుకు పట్టింది? మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తాండా.

ఇనుప గనులు జోరుగా నడిచే కాలం. మా మామ, బావ, మా ఆయన సేద్యం చేసుకునే మనుషులు. ఎర్రమన్నుకు ధర వచ్చేసరికి లారీలు కొన్యారు, బళ్ళారి చివర్లో రోడ్డు పక్కనే ఇల్లు కట్టినారు. కింద ఎప్పుడూ లారీలు, డ్రైవర్లు. కోడండ్లం ఇద్దరం వాకిట్లో కూర్చునే పద్ధతి లేదు. మాకు ఆకాశం కనపడేది మిద్దె మీదనే.

రెండో కోడల్ని నేను. పెద్ద కోడల్ని అక్కా అని పిలుస్తా. సిరిగేరి మనిషి. ఏడాదిలో తొమ్మిది నెల్లు ఆమె పని ముందర, నవ్వు ముందర నేను నిలబడలేను. ఆషాఢం వచ్చిందంటే మాత్రం మనిషి మారిపోయేది. మా బళ్ళారిలో ఆ నెల్లు వాన సరిగ్గా రాదు, ఎండా రాదు, ఊరికే మబ్బు పట్టుకోని ఉంటాది. అక్క ఎంతసేపు పండుకున్నా లేసేకి కాదు, కూరకు ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు, పొయ్యి ముందర కూర్చోని ఏడుస్తా ఉంటాది. బేజారు అన్యారు కొందరు. గాలి సోకిందని తాయెత్తు కట్టినారు ఇంకొందరు.

అక్క మాత్రం వంటింటి క్యాలెండర్లో, కష్టంగా గడిచిన రోజు కింద పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటా వచ్చింది. రెండేండ్ల క్యాలెండర్లు చుట్టుకోని పోయి గాంధీనగర్‌లో ఒక డాక్టరమ్మ ముందర పరిచింది. చదివింది ఏడో తరగతి. అందరూ దయ్యం అంటాంటే తన జబ్బును తానే కనిపెట్టుకున్న మనిషి ఆమె. తల్చుకుంటే ఇప్పటికీ నాకు గొప్పగా ఉంటాది. డాక్టరమ్మ చెప్పింది ఇది కాలంతో వచ్చే జబ్బని, మబ్బులు రాకముందే మాత్రలు మొదలుపెట్టల్లని, సొంతంగా నిలపకూడదని. రోజూ పొద్దున ఒకే టైముకు లేసి గంటసేపు బయట కూర్చోమనింది. మబ్బున్నా సరే, గదిలోకన్నా బయట వెలుతురు ఎక్కువంట. ఇదంతా అక్క నాకు కూర్చోబెట్టి చెప్పింది. "ఆ మూడు నెల్లు నన్ను కొంచెం చూసుకోమ్మా" అనింది.

చూసుకున్నానా?

పొద్దున ఆరింటికి ఆమె మిద్దె మీద కుర్చీలో తూర్పు పక్క తిరుక్కోని కూర్చునేది. కింద నేను డ్రైవర్లకు రొట్టెలు తట్టేదాన్ని. నాకు మండేది. ఆమెకు అట్ల కూర్చునేదే మందని తెలుసు, తెలిసే మండేది. పని ఎక్కువైందనా? పనికి నేనెప్పుడూ భయపడలేదు. ఎట్లుండావని ఆమెను ఇంట్లో అందరూ అడుగుతారు, నన్నెవరూ అడగరు, అదే లోపల గుచ్చుకునేదేమో. ఇన్నేండ్లయినా సరిగ్గా తేల్చుకోలేకపోతాండా.

ఒక ఆషాఢంలో గాలికి ఎర్ర ధూళు లేసి ఆరేసిన బట్టలన్నీ పాడైనాయి. లారీలకు కప్పే పాత తాడపత్రి ఒకటి డ్రైవర్‌తో మిద్దె మీద కట్టించినా. ధూళు అబద్ధం కాదు. కానీ బట్టలుండేది పడమటి పక్క. తూర్పు పక్క కూడా మూసి కట్టమని చెప్పింది నేను.

మరుసటి పొద్దున అక్క మెట్లెక్కి, అట్లే దిగొచ్చింది.

"తాడపత్రి ఎవరు కట్టించినారమ్మా?"

"మామ చెప్పినారంటక్కా. ధూళు వస్తాండాదని."

"నేను ఆడ కూర్చుంటానని ఆయనకు తెలుసు కదా."

"తెలుసు. ఊరికే కూర్చునేదేంది అన్యారు."

ఆ చివరి మాట ఎందుకన్నా? మామ పేరు చెప్తే చాలు, మా ఇంట్లో కోడలు మారు మాట్లాడదు, పోయి అడగదు. అది తెలిసే ఆయన పేరు చెప్పినా. ఆయనకేమీ తెలీదు. అక్క మాత్రలు అయిపోతే ఎవరికీ చెప్పకుండా పోయి తెచ్చి ఇచ్చేది ఆ మామనే.

అక్క మళ్ళా మిద్దెక్కలేదు. శ్రావణం సగానికి మంచం దిగలేదు. కూతురికి జడ వేసేకి కూడా చేతులు లేసేటివి కావు, ఆ పాపకు నేను జడ వేసి బడికి పంపిస్తి. బావ ఆమెను సిరిగేరిలో పుట్టినింట్లో వదిలొచ్చినాడు. దసరాకు ఇల్లు కడిగేటప్పుడు తాడపత్రి నేనే విప్పించినా. ఎవరూ ఏమీ అడగలేదు.

దీపావళి దాటినాక తిరిగొచ్చింది. మరుసటేడు మబ్బులు రాకముందే మాత్రలు మొదలుపెట్టి, "ఇంక పాలకు నేనే పోతా" అని బావతో చెప్పేసింది. పొద్దున ఆరింటికి పాలక్యాను పట్టుకోని, కొంగు తలమీద వేసుకోని, లారీల పక్కనుంచి నడుచుకుంటా ఆ గంటసేపు వెలుతురు తానే తెచ్చుకునింది. చేతకాని రోజు, "ఈ పొద్దు తల దువ్వుకున్నానమ్మా, అంతే" అని నవ్వేది. "అమ్మకు మీ మీద కోపం కాదు, మబ్బులు పోయేదాకా నిదానం" అని పిల్లలకు చెప్పేది. ఇప్పుడు కౌల్ బజార్‌లో గాజులమ్మే ఆమె కూడా, ఇట్లే మబ్బులకు దిగులుపడే తన కోడల్ని పిల్చుకోనొచ్చి అక్క ముందర కూర్చోబెడ్తాది. ఇంత ధైర్యం నేను ఇంకెవర్లోనూ చూడలేదు.

కానీ మామతో మాత్రం అక్క మాట్లాడేది తగ్గించేసింది. అన్నం పెట్టి పక్కకు పోయేది. మామ ముసలాయనైనాక ఒక రోజు నన్నడిగినాడు, "పెద్దామెకు నామీద ఏం కోపమ్మా?" అని. ఏమో మామా అంటి. ఆయన కాఫీ సగం తాగి లోటా పక్కన పెట్టేసినాడు. ఆ కోపమెందుకో తెలుసుకోకుండానే కన్నుమూసినాడు.

గనులు ఆగిపోయినాయి, లారీలు అమ్మేసినాం. పోయిన వారం మామ తిథి. అక్క ఒక్కటే వంటంతా చేసింది. పటం ముందర ఆకు వేసి, నా పక్కకు తిరిగి మెల్లగా అనింది, "మంచాయన. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండు." నేను ఆకు పక్కన నీళ్ళు పెట్టినా.

అక్కకు ఇంకా చెప్పలేదు. చెప్తే మామ మంచోడైపోతాడు, నేనేమైపోతా? క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మళ్ళా మబ్బులొచ్చినాయి. ఇప్పుడే అక్క క్యాను తీసుకోని గేటు దాటింది. ఆమె తిరిగొచ్చేలోపల రాసేయల్లని కూర్చున్యా. రాస్తాంటే కొంచెం ఊపిరాడతాండాది.

తాడపత్రి కట్టించింది మామ కాదు. ఆ మాట అనింది మామ కాదు. నేను.